ఎదుటి బల్ల ప్లీడరుగారు

ఎడిసన్‌లో ఇండియన్ స్టోర్‌కి కూరలకని వెళ్ళాను. బెండకాయల దగ్గర ఒక మగమనిషి నిలబడి చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఎక్కడో చూసిన మొహం. దగ్గరికి వెళ్ళాక గుర్తొచ్చింది. కొన్నేళ్ళ కింద ఇతని భార్య తరఫున నేను కోర్టులో వాదించాను, ఓడిపోయాను. నన్ను చూడగానే పక్క వరసలోకి తప్పుకుంటాడనుకున్నాను. తప్పుకోలేదు.

"మేడమ్, సార్ పోయారు. మీకు తెలిసిందా? ఇప్పుడే ఫ్రెండ్ ఫోన్ చేశాడు" అన్నాడు.

ఏ సారో అడగక్కర్లేదు. మా చుట్టుపక్కల తెలుగు సంసారాల్లో పోలీసులు తలుపు కొట్టిన ప్రతి ఇంటికీ సార్ అంటే ఆయన ఒక్కరే. "అయ్యో" అన్నాను. బెండకాయలు ముదురో లేతో కొనలు విరిచి చూస్తూ, బాధ ఎక్కడైనా ఉందా అని నాలో నేను వెతుక్కున్నాను. ఉంది, లేదనను. కానీ దాన్ని పక్కకి నెట్టి ఇంకోటి ముందు వచ్చి కూర్చుంది. రేపు నేను పోతే, ఈ బెండకాయల దగ్గర నిలబడి నా కోసం ఎవరు ఏడుస్తారు? నేను గెలిపించిన వాళ్ళయినా ఏడుస్తారా?

దాన్ని కుళ్ళు అంటారు. ఇంకో మర్యాదైన పేరు పెట్టి మిమ్మల్ని మభ్యపెట్టను. ఆయన బతికున్నన్నాళ్ళూ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నదాన్ని, పోయారని తెలియగానే ఆ నిప్పులు ఆరిపోతాయా?

నేను భార్యల వైపు లాయర్ని. భర్త కొట్టాడనో, వదిలి వచ్చేసినా వెంటపడుతున్నాడనో వచ్చిన ఆడపిల్లకి కోర్టు నుంచి రక్షణ ఆర్డర్ ఇప్పించడం నా పని. మా న్యూజెర్సీలో ముందు తాత్కాలికంగా ఒక ఆర్డర్ ఇస్తారు. తర్వాత ఇద్దరినీ పిలిచి విని, జడ్జి దాన్ని శాశ్వతం చేస్తాడు, లేదా కొట్టేస్తాడు. ఆ విచారణ రోజు నాదీ నా క్లయింటుదీ ఒక బల్ల. ఎదుటి బల్ల దగ్గర భర్త. ఆ భర్త పక్కన, నా కర్మకొద్దీ, ఆయన.

అమలాపురం వైపు మనిషి. పొట్టి. చలికాలం వస్తే సూటు మీద మంకీ క్యాప్ పెట్టుకుని కోర్టుకి వచ్చేవారు. దొరసానులూ, తెల్ల లాయర్లూ తిరిగే ఆ పాలరాతి వరండాలో, కళ్ళూ ముక్కూ మాత్రం కనపడేలా, తెల్లారుజామున పాలకి బయల్దేరినట్టు నడిచి వచ్చేవారు. చూసి మొదటిసారి నవ్వుకున్నాను. ఆ నవ్వు ఆ పొద్దుటి వరకే. సెక్యూరిటీ దగ్గర నన్ను "మ్యామ్, బ్యాగ్ ఓపెన్ చెయ్యండి" అని ఏళ్ళ తరబడి అదే కొత్తమొహంతో అడిగే ఆఫీసర్, ఆయన్ని చూడగానే లేచి నిలబడి "కౌన్సెలర్! ఆ రింగులు తెచ్చావా?" అన్నాడు. రింగులంటే చేగోడీలు. కోటు జేబులో ప్లాస్టిక్ కవర్లో ఉండేవి. ఆఫీసర్‌కి రెండు, గుమాస్తాకి రెండు, ఎదుటి లాయర్నయిన నాకు రెండు.

మొదటి కేసులో నన్ను చిత్తుగా ఓడించి, వరండాలోకి వచ్చి ఆ కవరు నా ముందు పెట్టారు. తీసుకోకూడదనే అనుకున్నాను. ఆకలి ఊరుకోలేదు. కరకరలాడుతూ, నువ్వులు తగులుతూ, మా పెద్దమ్మ చేసినవాటికన్నా బాగున్నాయి.

"ఆంటీ చేశారా సార్?" అన్నాను.

"మా ఆవిడకి నూనె పొగ పడదండి. ఆదివారం నేనే వేయిస్తాను" అన్నారు.

అదీ ఆయనే. చేగోడీలయినా నాకు వదలలేదు.

ఇంగ్లిష్ సంగతి చెప్తే ఇంకా మండుతుంది. హన్మకొండ నుంచి వచ్చిన నేను, ఇక్కడి లా స్కూల్లో చేరినప్పటి నుంచీ అద్దం ముందు నిలబడి మాట అరగదీసుకున్నాను. ఫోన్లో వింటే నేను ఎక్కడిదాన్నో ఎవరూ కనిపెట్టలేరు. ఆయన మాత్రం "యువర్ ఆనరు, వాట్ ఐ యామ్ సేయింగు" అని గోదావరి గట్టు మీద నిలబడి పిలిచినట్టు మొదలుపెట్టేవారు. జడ్జి చేతిలో కలం కింద పెట్టి, ముందుకు వంగి వినేవాడు. నా చక్కని ఇంగ్లిష్ వినేటప్పుడు గడియారం చూసేవాడు. నేను చక్రాల పెట్టెలో ఫైళ్ళు ఈడ్చుకుంటూ వస్తే, ఆయన నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితంతో వచ్చేవారు. సగం కేసుల్లో ఆ మడత కూడా విప్పేవారు కాదు.

ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఏమీ లేదని నాకు నేను చెప్పుకునేదాన్ని. కానీ వరండాలో ఆయన మాట్లాడుతుంటే చెవి అటే ఉండేది. ఒకసారి కొత్తగా వచ్చిన ఒక కుర్ర లాయరు, ఇలాంటి కేసుల్లో డిఫెన్స్ ఎలా కట్టాలి అని అడిగాడు.

"డిఫెన్సులు మూడే నాయనా" అన్నారు. "జరగలేదు. జరిగింది గాని మావాడు కాదు. మావాడే గాని మీరనుకున్నది కాదు. అంతే. నాలుగోది ఒకటి పట్టుకొస్తారు మన వాళ్ళు, మావాడు చాలా మంచివాడండీ అని. అది డిఫెన్సు కాదు, పెళ్ళిచూపులు."

నేను ఆ మాటకి నవ్వకుండా ఉండటానికి ఫైల్లో మొహం పెట్టుకున్నాను. ఆ తర్వాత ఒక సెమినార్లో నా మాటగా చెప్పి నవ్వులు కూడా సంపాదించుకున్నాను. అది వేరే సంగతి.

ఆయన ఆఫీసులో "కొంచెం" అనే మాట నిషేధమట. కొంచెం తోశాను, కొంచెం గట్టిగా పట్టుకున్నాను, కొంచెం ఫాలో అయ్యాను అని క్లయింటు అన్నాడంటే, "ఆ కొంచెం బయట చెప్పులతో పాటు విడిచి రా" అనేవారట. ఇంకా ఏమీ అడగకుండానే నేను కొట్టలేదండీ అని మొదలుపెట్టినవాణ్ణి చూసి, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటున్నావే అనేవారట. క్లయింట్లు ఇవన్నీ దాచుకోరు. పార్టీల్లో, గుడిలో, పిల్లల్ని తెలుగు బడి దగ్గర దించినప్పుడు, చదువుకున్న కాలేజీ కబుర్లు చెప్పుకున్నట్టు చెప్పుకునేవారు. ఓడిపోయినవాళ్ళు కూడా చెప్పుకునేవారు. నా దగ్గర గెలిచిన ఆడపిల్లలు నేను బజార్లో కనపడితే మొహం తిప్పుకుంటారు. పాపం, నన్ను చూస్తే వాళ్ళకి ఆ రోజులు గుర్తొస్తాయి. తప్పు వాళ్ళది కాదు. అయినా ఒళ్ళు మండదా?

తాత్కాలిక ఆర్డర్ రాగానే మన మగపిల్లలు చేసే తప్పు ఒకటుంది. ఆర్డర్‌లో భార్యతో మాట్లాడకూడదని ఉంటుంది. సరే, నేను మాట్లాడను గదా అని పెద్దమనుషుల్ని పంపుతారు. అత్తగారు ఇండియా నుంచి ఫోన్ చేస్తుంది. డాలస్‌లో బాబాయ్ ఒక మెసేజ్ పెడతాడు. తెలుగు సంఘంలో పెద్దాయన ఎవరో, అమ్మా సర్దుకుపో అని చెప్పడానికి పళ్ళు పట్టుకుని వెళ్తాడు. మన ఊళ్ళో దాన్ని సయోధ్య అంటారు. ఇక్కడ దాన్ని ఆర్డర్ ఉల్లంఘన అంటారు, చేతులకి బేడీలు వేస్తారు. ఆయన మొదటి రోజే చెప్పేవారట. "మీ అమ్మ, మీ మేనమామ, మీ గుళ్ళో పంతులుగారు, ఎవరి నోటి నుంచి వెళ్ళినా అది నీ నోరే. గుర్తుపెట్టుకో."

వీటన్నిటికీ మించిన పద్ధతి ఒకటుండేది. వచ్చినవాడు తన గోడంతా వెళ్ళబోసుకున్నాక, ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఆయ్. బాగుంది. ఇప్పుడు మీ ఆవిడ అయి చెప్పు" అనేవారట. అదే సంగతి, అదే సాయంత్రం, ఆ పిల్ల నోటితో. ఆ పిల్ల ఎక్కడ నిలబడింది, ఏం చూసింది, ఏం విన్నది. కోర్టులో ఎలాగూ ఆ అమ్మాయి చెప్తుంది, ముందు నీ నోట విను అని. కొందరు చెప్పలేక పోట్లాడి వెళ్ళిపోయేవారు. కొందరు చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయేవారు. ఆగిపోయినవాళ్ళలో ఎందరో మర్నాడే నాకు ఫోన్ చేయించి, ఆర్డర్‌కి ఒప్పుకుంటాం మేడమ్, విచారణ వద్దు అనేవారు. నా క్లయింటు బోనెక్కి ఏడవనక్కర్లేకుండా ఆర్డర్ చేతికొచ్చేది. సంతోషించాలి గదా? నేను రాత్రింబగళ్ళు తయారైన కేసు ఆయన ఆఫీసు గదిలోనే తేలిపోయిందని ఉడుక్కునేదాన్ని.

ఆఖరి దెబ్బ ఆడవాళ్ళ దగ్గరే తగిలేది. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి పిన్నిగారు, కాఫీ తాగుతూ, ఏమీ దాచుకోకుండా అడిగింది. "మీరు మంచివారేనండీ. కానీ ఆ సార్ అయితే... ఆయన ఆడపిల్లల కేసులు తీసుకోరా?"

ఇక ఆ శ్రావణ మాసం సంగతి చెప్తాను. ఆయనంటే నాకు గుర్తొచ్చేది అదే.

ఆ అమ్మాయికి పెళ్ళయి ఏడాది కాలేదు. సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ ఉద్యోగం, తన వీసా తనదే. భర్త ఒకసారి చెయ్యి చేసుకున్నాడు. ఆ మర్నాడే బట్టలు సర్దుకుని బయటికి వచ్చేసింది. వచ్చేసిన దగ్గర నుంచి అతని వెండిరంగు కారు ఆమె ఆఫీసు పార్కింగ్‌లో కనపడటం మొదలైంది. చెప్పాపెట్టకుండా పిస్కాటవేలో వేరే అపార్ట్‌మెంట్ తీసుకుంది. అడ్రస్ తల్లిదండ్రులకి తప్ప ఎవరికీ ఇవ్వలేదు. ఊపిరి పీల్చుకుందో లేదో, ఒక మంగళవారం పొద్దున తలుపు చప్పుడయింది. తీస్తే అత్తగారు. ఇండియా నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పట్టుచీర, పసుపు కుంకుమ, నానబెట్టిన శనగలు. పెళ్ళయిన మొదటి శ్రావణంలో అత్తింటివారు కోడలికి పంపే శ్రావణ పట్టి.

మనకది ముచ్చట. ఆ పిల్లకి మాత్రం, ఈ ఇల్లు కూడా తెలిసిపోయింది అన్న కబురు. తలుపు వేసేసి పోలీసులకి ఫోన్ చేసింది. అప్పటికింకా ఏ ఆర్డరూ లేదు, తాత్కాలిక ఆర్డర్ వచ్చింది ఆ ఫోన్ తర్వాతే.

ఈ కేసులో అంతా ఆ పళ్ళెం మీదే ఉంది. వెంటపడటం అని చట్టం ఒప్పుకోవాలంటే ఒక్కసారి చాలదు, మళ్ళీ మళ్ళీ జరగాలి, భయం పుట్టాలి. ఆఫీసు పార్కింగ్‌లో కారంటే, అతని ఆఫీసు కూడా ఆ పక్క బిల్డింగే. అది నిలవదు. కొట్టిన దెబ్బకి సాక్షి లేడు, ఫొటో లేదు. కొత్త అడ్రస్ కనుక్కుని అతనే వచ్చాడని తేలితే ఆర్డర్ వస్తుంది. ముసలావిడ తనంతట తను వచ్చిందని తేలితే రాదు. ఆర్డర్ రాకపోతే ఆ అమ్మాయి మళ్ళీ ఇల్లు మారాలి. అతను మళ్ళీ కనుక్కుంటాడు.

"మేడమ్, నేను చూశాను. అత్తయ్య వెనకాల, కింద పార్కింగ్‌లో కార్ ఉంది. కార్‌లో తనే ఉన్నాడు" అని ఆ అమ్మాయి నాకు చెప్పిన ప్రతిసారీ ఒకే గొంతుతో చెప్పేది. ఏడ్చేది కాదు. నా బల్ల మీద టిష్యూ డబ్బా ఆమె వైపు జరిపేదాన్ని. మర్యాదగా వెనక్కి జరిపేది. "నేను నిన్ను నమ్ముతున్నాను" అనేదాన్ని. "థాంక్యూ మేడమ్" అనేది.

ఆయన ఆచారం ఎత్తుకుంటారనుకున్నాను. పంతుల్ని తెచ్చి, ఇది మా సంప్రదాయం యువర్ ఆనరు అంటారని, దానికి జవాబుగా కట్టలు కట్టలు తయారుచేసుకుని వెళ్ళాను. ఆయన ఆ మాటే ఎత్తలేదు. నాలుగు మడతల కాగితం జేబులోంచి తీయనైనా లేదు. నా క్లయింటుని మెల్లగా, కూతురితో మాట్లాడినట్టు అడిగారు. మీరు ఉండేది ఎన్నో అంతస్తమ్మా? ఆ పార్కింగ్‌లో వెండిరంగు కార్లు ఇంకేమైనా ఉంటాయా? పొద్దుటి ఎండ అద్దాల మీద పడుతుందా? లోపల మనిషి మొహం కనపడిందా, లేక కారుని బట్టి అతనే అనుకున్నారా?

"అతనే. నాకు తెలుసు" అంది.

"తెలియడం వేరమ్మా, చూడడం వేరు" అన్నారు.

జడ్జి ఏదో రాసుకున్నాడు. నా పక్కన ఆ అమ్మాయి కుర్చీలో చిన్నదైపోయింది. ఇంత మెత్తగా ఒక ఆడపిల్ల మాటని అబద్ధం చేయడం ఎవరికి చేతనవుతుంది? అసహ్యం వేసింది. నాకెందుకు చేతకాదు అని కూడా అనిపించింది. రెండూ ఒకేసారి.

తర్వాత తల్లిని బోనెక్కించారు. జరీ అంచు నేతచీర, నుదుట రూపాయంత బొట్టు, పక్కన దుబాసీ. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "వాడికేం తెలీదు బాబూ. పిల్లలు ఎడమొహం పెడమొహంగా ఉన్నారు, మొదటి శ్రావణం, పట్టి వెళ్ళకపోతే అశుభం అని నేనే వెళ్ళాను. గుళ్ళో పరిచయమైన ఆవిడ కారులో దించింది. అడ్రసూ ఆవిడే చెప్పింది. ఆవిడ ఇండియా వెళ్ళిపోయింది." జడ్జి ఆవిడని చూసిన చూపులోనే నాకు కేసు చేజారిపోవడం కనపడింది. ఎవరి తల్లయినా అలాగే ఉంటుంది మరి.

అడగడం నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను. తయారుచేసుకున్న ప్రశ్నలన్నీ ఆచారం మీదే. ఒక్కటీ పనికిరాదు. ఎదుటి బల్ల వైపు చూశాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టుకుని ఉన్నారు. అలా చూస్తుంటే నోట్లోంచి ఆయన ప్రశ్నే వచ్చేసింది.

"అమ్మా, ఇప్పుడు మీ కోడలు అయి చెప్పండి. ఆ పొద్దున ఆమె తలుపు తీసింది. ఏం చూసింది?"

ఇలాంటి ప్రశ్న కోర్టులో నిలవదు. ఇంకొకరి మనసులో ఏముందో సాక్షి ఎలా చెప్తుంది? ఎదుటి లాయరు లేచి ఒక్క మాట అంటే జడ్జి కొట్టేస్తాడు. ఆయన లేస్తారనే ఎదురుచూశాను. లేవలేదు.

ముసలావిడ మొహం మారింది. అప్పటిదాకా భయం భయంగా ఉన్నది, ఇప్పుడు అత్తగారి కోపం వచ్చి కూర్చుంది. కోడలి గొంతు పెట్టి వెక్కిరింపుగా అందుకుంది. "ఏం చూశానా? అత్తయ్య వచ్చింది. ఎండన పడి, మెట్లెక్కి, రొప్పుకుంటూ వచ్చింది. చేతిలో పళ్ళెం ఉంది. లోపలికి రమ్మని ఓ మాట అన్నానా? కాసిని మంచినీళ్ళు ఇచ్చానా? కన్నెత్తి ఆవిడ మొహం చూస్తే గదా! ఆవిడ భుజం మీంచి కిందికే చూశాను. కారులో వాడున్నాడు గదా, ఏసీ వేసుకుని. వాణ్ణే చూస్తూ, పళ్ళెం మొహాన తలుపేశాను. అదీ మా కోడలి మర్యాద!"

దుబాసీ దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో చెప్పింది. చెప్తుండగా ముసలావిడకి తనేమన్నదో తెలిసింది. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎదుటి బల్ల దగ్గర ఆ కుర్రాడు తల దించుకున్నాడు.

ఆర్డర్ శాశ్వతం అయింది.

వరండాలోకి వచ్చాక నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇన్నేళ్ళకి ఆయన్ని పడగొట్టాను. ఆయన అప్పటికే ముసలావిడని బెంచీ మీద కూర్చోబెట్టి, నీళ్ళ సీసా మూత తీసి చేతికిచ్చి, "మీరేం తప్పు చెప్పలేదమ్మా, నిజం చెప్పారు, తాగండి" అంటున్నారు. కొడుకు దూరంగా గోడకేసి తిరిగి నిలబడ్డాడు. నేను వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. దెప్పాలనే వెళ్ళాను.

"ఎందుకు లేవలే సార్ మీరు? అబ్జెక్షన్ అంటే జడ్జి కొట్టేసేటోడు గదా."

"లేవాల్సిందేనండి" అన్నారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. "కుర్రాణ్ణి అడిగాను ఆ ప్రశ్న. పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు, నమ్మాను. పెద్దావిణ్ణి అడగలేదు. బాబూ బాబూ అని ఏడుస్తోంటే ఈవిణ్ణేం అడుగుతాంలే అనుకున్నాను. అడిగుంటే బోనెక్కించేవాణ్ణి కాదు. మీరడిగేసరికి ప్లీడరమ్మా, జవాబు నాకూ వినాలనిపించింది. లేవడం మర్చిపోయాను. అదీ సంగతి."

సాకు చెప్పి ఉంటే బాగుండేది. నా గెలుపు ఇంకొంచెం పెద్దదయ్యేది. అప్పుడాయన అడిగారు, "మీ అమ్మాయితో ఒక్క మాట చెప్పొచ్చా? మీరు ఒప్పుకుంటేనే. మీరూ పక్కనే ఉండండి."

ఒప్పుకున్నాను. ఓడిపోయిన మనిషిని ఆ పిల్ల దగ్గర్నుంచి చూడాలని ఒప్పుకున్నాను.

ఆయన రావడం చూసి ఆ అమ్మాయి గోడకి అంటుకుపోయింది. ఆయన అక్కడే ఆగి, ఇంకా దగ్గరికి రాకుండా, ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నారు. ఆయన కింద, ఆమె పైన. అప్పుడు మాట్లాడారు.

"అమ్మా, నేను అతని లాయర్ని. ఇలా మాట్లాడకూడదు. ఒక్క మాట చెప్పి పోతాను. పొద్దున ఎండ అనీ, కారు రంగనీ నిన్ను తికమక పెట్టాను. కారులో అతనే ఉన్నాడు. నువ్వు చూశావు. నువ్వు చెప్పింది నిజం."

అంతే. లేచి ముసలావిడ దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ అమ్మాయి ఏడ్చింది. నా ఆఫీసులో నెలల తరబడి టిష్యూ డబ్బా వెనక్కి జరిపిన పిల్ల, గోడకి జారబడి కింద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారని కూడా లేకుండా, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. "మేడమ్, ఆయన నమ్మారు. విన్నారా మేడమ్? ఆయన నమ్మారు" అంది.

విన్నాను. నేను మాత్రం నమ్మలేదా? మొదటి రోజు నుంచీ నమ్మాను. కానీ నేను ఆమె లాయర్ని. నమ్మడం నా ఉద్యోగం. ఆ పిల్లకి అది ముందు నుంచీ తెలుసు. ఎదుటి బల్ల మీంచి వచ్చి, తన ఓటమి చేతిలో పట్టుకుని నిజం అన్న మనిషి ఆయన ఒక్కరే. ఆ మాట నేను ఎన్ని జన్మలెత్తి చెప్పినా ఆ మాట కాదు.

ఆర్డర్ కాగితం ఇంకా వెచ్చగా నా చేతిలో ఉంది. "ఇదిగోమ్మా, జాగ్రత్తగా పెట్టుకో" అని ఆమె ముందు పట్టుకున్నాను. ఆ అమ్మాయి అందుకోలేదు. ఆయన వెళ్ళిన వైపే చూస్తూ ఏడుస్తోంది. కాగితం పట్టుకుని అలా వంగి నిలబడ్డ నాకు నడుము నొప్పి పుట్టింది గానీ, ఆమె చెయ్యి మాత్రం రాలేదు.